నడుం నొప్పి అబద్ధమని నేను రాసిన రిపోర్టు

ఫైర్ సర్వీసులో చేరబోయే కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "మంటలంటే భయం వెయ్యలేదా సార్?" మంటల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను నడుం గురించి చెబుతాను. మా రోజుల్లో మంటకు కాలి ఉద్యోగం మానేసినవాడిని నేను చూడలేదు. నడుం పోయి మానేసినవాళ్లను లెక్కపెట్టడానికి మాత్రం నా చేతివేళ్లు చాలవు. వాళ్లలో సగం మందిని దొంగలన్నాం. అలా అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా పనిలో అనుమానం మంచి గుణమే. ఆరిపోయిందని యజమాని చెబితే నమ్మకూడదు. పొగ తగ్గిందని కళ్లు చెప్పినా నమ్మకూడదు. పత్తి బేలు పైకి చల్లగా ఉంటుంది, లోపల మూడు రోజులు రగులుతూ ఉంటుంది. అందుకే చెయ్యి పెట్టి, తవ్వి, తడిపి, మళ్లీ తవ్వి చూడాలి. ఈ అలవాటు మనుషుల మీదికి మళ్లితే ఏమవుతుందో నాకు దేవదానం విషయంలో తెలిసింది.

మా స్టేషను, మా ఆఫీసరు

ఎనభైల్లో నేను హైవే పక్క ఒక చిన్న స్టేషన్లో జట్టును నడిపించే లీడింగ్ ఫైర్‌మన్‌ని. ఊరి పేరు చెప్పను. ఇటు చిలకలూరిపేట దాకా, అటు ఒంగోలు దారిలో కొంత మేర మాదే బాధ్యత. శీతాకాలం, వేసవి మాకు తీరిక ఉండేది కాదు. పత్తి, మిరపకాయ, పొగాకు, గడ్డివాములు. దేవుడు ఈ మైదానంలో అంటుకోని పంట ఒక్కటీ పండించలేదని మా డ్రైవరు తిట్టుకునేవాడు.

ఉండాల్సినవాళ్లలో సగం మందిమే ఉండేవాళ్లం. గొట్టం ఎంత వేగంగా పరచాలో డ్రిల్లులో నేర్పారు. నీళ్లు తాగిన గొట్టాన్ని, తడిసిన బేలును నడుం విరక్కుండా ఎలా ఎత్తాలో ఎవరూ నేర్పలేదు. బల్ల మీద జోగుతున్నవాడు బెల్లు మోగగానే లేచి ఉరికేవాడు. చల్లబడి ఉన్న ఒళ్లు ఒక్క నిమిషంలో బస్తాలు మోయాల్సి వచ్చేది.

మా స్టేషనాఫీసరు రామలింగంగారు చెడ్డవారు కాదు. రోజుకు ఇద్దరు సెలవడిగితే బండి కదలదని ఆయన భయం. ఆ భయమంతా ఆయన నోట అనుమానంగా బయటపడేది. "పన్ను నొప్పికి వాపుంటుందయ్యా, జ్వరానికి వేడి ఉంటుంది. నడుం నొప్పికి చూపించడానికి ఏముంది? అందుకే దొంగలందరికీ నడుమే నొప్పి" అనేవారు. మేం నవ్వేవాళ్లం. నడుం పట్టేసినవాడు కూడా నవ్వేవాడు, నవ్వకపోతే తననే అనుకుంటారని.

జిన్నింగు మిల్లు

పత్తి ముమ్మరంగా వస్తున్న రోజులు. మధ్యాహ్నం రెండింటికి పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు నుంచి ఫోను వచ్చింది. మేం వెళ్లేసరికి షెడ్డు ఒక కొసన మంట దూది మీద పాకుతోంది. పత్తి పొగ తెల్లగా, దట్టంగా ఉంటుంది. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. ఆడకూలీలు గేటు బయట నిలబడి ఏడుస్తున్నారు. మిల్లు మేస్త్రి ఎదురొచ్చి, "అందరూ బయటికొచ్చేశారండీ, లోపల పురుగు కూడా లేదు. ముందు బేళ్లు కాపాడండి" అన్నాడు.

ఆ రోజు బ్రాంచి పట్టుకున్నది దేవదానం. నీళ్లు చిమ్మే గొట్టం కొసను మేం బ్రాంచి అంటాం. ముప్ఫై ఏళ్లవాడు, బక్కగా కనపడేవాడు గానీ గట్టి మనిషి. వాళ్ల నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. దేవదానం తక్కువ మాట్లాడేవాడు. నేను అతని వెనకే, గొట్టం మోస్తూ ఉన్నాను. షెడ్డు గుమ్మం దాటి పది అడుగులు పోయామో లేదో ఆగిపోయాడు.

"సార్, ఎవరో దగ్గుతున్నారు."

"ఎవరూ లేరన్నాడుగా మేస్త్రి."

"కుప్ప వెనకాల సార్. ఆడమనిషి. మీకు వినపళ్లా?"

"నాకేం వినపళ్లేదు. పైన రేకులు కూలేటట్టున్నాయి, పద వెనక్కి."

అతను ముందుకు అడుగు వేశాడు. నేను అతని చొక్కా వెనక పట్టుకుని లాగాను. వెనక్కి వచ్చేశాం. మూడు నిమిషాలకు రేకులు నిజంగానే కూలాయి. నేను ఇద్దరి ప్రాణాలు కాపాడానని అనుకున్నాను.

ఆ తర్వాత చీకటి పడేదాకా మా పని బేళ్లను బయటికి లాగడం, పగలగొట్టడం, తడపడం. పొడి బేలే నలుగురికి బరువు. తడిసిందాని సంగతి చెప్పక్కర్లేదు. ఒకచోట దేవదానం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కాసేపటికి ఎలాగో లేచి మళ్లీ పట్టుకున్నాడు.

దూది కుప్ప తొలగిస్తుంటే సువార్త అనే అమ్మాయి శవం కనపడింది. మిల్లు కూలీ, పాతికేళ్లుంటాయేమో. జ్వరంగా ఉందని కుప్ప వెనక నీడలో పడుకుందట, తోటివాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు. వాళ్లు చెబుతూనే ఉన్నారట, గేటు దగ్గర ఎవరూ వినిపించుకోలేదు. ఆమెను చేతుల మీద బయటికి తెచ్చింది దేవదానమే. తెస్తూ నా వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. చూడకపోవడమే నన్ను తినేసింది.

మర్నాడు సంఘటన రిపోర్టు నేనే రాశాను. "లోపల మనుషులున్న ఆనవాలు ఏదీ సిబ్బందికి తెలియలేదు" అని రాశాను. దేవదానం సంతకం చేయాల్సిన చోట చేశాడు.

నేను పెట్టిన పరీక్షలు

వారం తిరక్కుండానే అతని నడుం మొదలైంది. మామూలు వేళల్లో బాగానే ఉండేవాడు. బెల్లు మోగితే బల్ల మీంచి లేవలేకపోయేవాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, చెమటలు కారుస్తూ, "పట్టేసింది సార్" అనేవాడు. బండి అతను లేకుండానే వెళ్లేది.

బెల్లు మోగినప్పుడే పట్టేసే నొప్పి! మావాళ్లు అతని నడక అనుకరించి నవ్వడం మొదలెట్టారు. ఆఫీసరుగారు ప్రభుత్వాసుపత్రికి పంపారు. అక్కడ ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగానే ఉన్నాయి, డ్యూటీకి పనికొస్తాడని రాసిచ్చారు.

నేను నా పరీక్షలు నేను పెట్టాను. అతను నడుస్తుంటే తాళాలగుత్తి కింద పడేశాను. చటుక్కున వంగి తీసిచ్చాడు. సాయంత్రం వాలీబాల్ దగ్గర బంతి దొర్లించాను. అదీ వంగి అందుకున్నాడు. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

అయితే అతను పని దొంగ అని నేను అనుకోలేదు. అంతకంటే చెడ్డగా అనుకున్నాను. నడుం నొప్పి వంకతో సెలవు పెట్టి, బయట నా మీద అర్జీ తయారు చేస్తున్నాడనుకున్నాను. దగ్గు వినపడిందని చెప్పినా లీడింగ్ ఫైర్‌మన్ వెనక్కి లాగాడని అతను ఒక్క ముక్క రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఎవరైనా ఇద్దరు స్టేషన్లో గుసగుసలాడుకుంటే నా గురించే అనిపించేది. అన్నం సయించేది కాదు. మా ఆవిడ ఏమైందని అడిగితే కసిరేవాణ్ణి.

ఈలోగా డ్రైవరు ఒక మాట మోసుకొచ్చాడు. "మన దేవదానం మిల్లు కూలీల పేటలో తిరుగుతున్నాడండీ. మొన్నా చూశా, నిన్నా చూశా."

నేననుకున్నదే అయింది.

తాటాకు మోపులు

అతను సెలవులో ఉన్న ఒక రోజు పట్టపగలే సైకిలేసుకుని ఆ పేటకు వెళ్లాను. కల్లం పక్కన చింతచెట్టు చాటున నిలబడ్డాను. నలభై ఏళ్ల మనిషిని, యూనిఫారం వేసుకునేవాణ్ణి, దొంగలా దాక్కున్నాను.

దేవదానం ఒక పూరింటి మీద కొత్త కప్పు వేస్తున్నాడు. కింద ఒక ముసలామె తాటాకు అందిస్తుంటే చాలక, తనే దిగి మోపు ఎత్తుకుని నిచ్చెనెక్కుతున్నాడు. ఒకటి, రెండు, మూడు మోపులు. నడుం వంగుతోంది, లేస్తోంది. ఎక్కడా పట్టేయడం లేదు.

నాకు కోపం రావాలి. వచ్చింది సంతోషం. దొరికాడు అనుకున్నాను. ఇంక అతను నా మీద ఏం రాసినా అబద్ధాలకోరు రాతే అవుతుంది.

ఆ సాయంత్రమే కూర్చుని రిపోర్టు రాశాను. "నడుం నొప్పి అని సెలవులో ఉండి తాటాకు మోపులు మోస్తూ, నిచ్చెన ఎక్కుతూ కనిపించినాడు. ఇతని నొప్పి నటన అని నా అభిప్రాయం." ఆఫీసరుగారు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను ముందే చెప్పలా?" అన్నారు. దేవదానానికి మెమో వెళ్లింది. విచారణకు జిల్లా నుంచి పెద్దాఫీసరు వస్తారని, ఉద్యోగం నిలవదని అనుకున్నారు.

సలోమి టీచరు

నాలుగో రోజు అతని భార్య సలోమి స్టేషనుకు వచ్చింది. ఎలిమెంటరీ స్కూలు టీచరు. చేతిలో గొడుగు, చంకలో పిల్లల కాపీ పుస్తకాలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన్ని తాటాకు మోస్తుంటే చూశానని రాశారంటగా సార్?"

"చూసిందే రాశానమ్మా."

"అది ఎవరిల్లో కనుక్కున్నారా?"

నేను బల్ల మీది రిజిస్టరు తిరగేశాను.

"సువార్త వాళ్లమ్మ ఎస్తేరమ్మదండీ. కూతురు పోయినాక ఆ ఇంటి కప్పు ఊడిపోయినా అడిగేవాళ్లు లేరు. ఈయనకి అక్కడికి పోతేనే కాస్త ఊపిరాడుద్ది. ఆ పని చేసొచ్చిన రోజు మంచం మీద ఒత్తిగిలి పడుకోలేడు, నేను పట్టుకుని లేపాల. మీరు ఎక్కేప్పుడు చూశారు, దిగొచ్చినాక చూళ్లేదు."

"మరి బెల్లు మోగితేనే ఎందుకమ్మా పట్టేస్తుంది?"

ఆమె చంకలో పుస్తకాలు సర్దుకుంది. "మా బళ్లో ఇంటిగంట కొడితే పిల్లలంతా లేచి పరిగెత్తుతారు సార్. ఒకడు మాత్రం కూర్చునే ఉంటాడు. వాణ్ణి కొట్టొచ్చు. ఇంటికి పోతే వాళ్ల నాయన ఏం చేస్తాడో కనుక్కోనూవచ్చు. మీరు పెద్దోళ్లు, నేను చెప్పాలా?" అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

నేను ఆమె మాటనూ అనుమానించాను. భర్తే నేర్పి పంపాడనుకున్నాను. అనుమానం అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు.

మిరపకాయ పొగ

ఆ నెలలోనే ఒక మిర్చి గోడౌను అంటుకుంది. మిరపకాయ పొగ సంగతి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. మూతికి తడిగుడ్డలు కట్టుకుని లోపలికి పోయాం. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఇవతలికి లాగుతున్నాం. ఒక్కొక్కరూ దగ్గుతున్నారు. నా ముందువాడు, నా వెనకవాడు, గోడ అవతలి హమాలీలు, అందరూ దగ్గే.

పొగలో దగ్గు. ఎక్కణ్ణుంచో తెలియదు. నేను ఒక టిక్కీ కొసలు పట్టుకుని వంగాను. ఇక లేవలేకపోయాను. ఎవరో నడుములో మేకు దిగ్గొట్టినట్టయింది. కాళ్లు నావి కావు. నన్ను ఇద్దరు ఎత్తుకుని బయట వేపచెట్టు కింద పడుకోబెట్టారు. అక్కడ పడుకుని ఏడ్చాను. మిరపకాయ ఘాటుకు కళ్లు మండుతున్నాయనుకున్నారు అందరూ.

మిల్లులో ఆ రోజు నాకూ వినపడింది. ఇది అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు. పొడిదగ్గు, రెండుసార్లు. వినీ వినపళ్లేదన్నాను, ఎందుకంటే మేస్త్రి లేరన్నాడు, రేకులు కూలేటట్టున్నాయి, నాకు భయం వేసింది. రేకులు నిజంగా కూలాయి కాబట్టి మేం లోపలికి పోతే ముగ్గురం పోయేవాళ్లమేమో. పోయేవాళ్లం కాదేమో. అది నాకు ఈనాటికీ తేలలేదు. వినపళ్లేదని చెప్పింది మాత్రం అబద్ధం. ఆ అబద్ధం బయటపడకూడదని ఇంకొకడి నొప్పిని అబద్ధం చేశాను.

గుంటూరులో ఒక పెద్ద డాక్టరు నన్ను చూశారు. నా ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. "అయితే నాది నటనేనా అండీ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "బొమ్మలో ఎముకే పడుతుందయ్యా. పట్టేసిన కండ పడదు. మీవాళ్ల నడుములు మోతబరువుతో ముందే దెబ్బతిని ఉంటాయి. మనసు బిగుసుకున్నప్పుడు ఆ దెబ్బతిన్నచోటే ఒళ్లూ బిగుసుకుంటుంది. నిద్ర పడుతోందా నీకు?" అన్నారు. పదిహేనేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

విచారణ

పెద్దాఫీసరు వచ్చిన రోజు దేవదానం గది మధ్య నిలబడ్డాడు, కుర్చీ ఇవ్వలేదు. రామలింగంగారు నా రిపోర్టు చదివారు. "ఏమంటావు?" అని అడిగితే దేవదానం, "మోశానండీ. ఆయన రాసింది నిజమే" అన్నాడు. అంతే. నా మీద ఒక్క మాట చెప్పలేదు. అర్జీ లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్లూ నేను లేని పాముకు భయపడి ఒక మనిషిని కొట్టాను.

నేను లేచి నిలబడ్డాను. నడుం ఇంకా సరిగ్గా నిటారు కావడం లేదు.

"నేను రాసింది కళ్లతో చూసిందే సార్. అర్థం మాత్రం తప్పుగా రాశాను. మిల్లు రిపోర్టు అయితే పూర్తిగా అబద్ధం. లోపల మనిషి ఉందని దేవదానం చెప్పాడు. నాకూ వినపడింది. నేనే వెనక్కి లాగాను."

రామలింగంగారు, "ఏమయ్యా కోటేశ్వర్రావ్, ఒళ్లు తెలిసే మాట్లాడుతున్నావా?" అన్నారు.

"ఇప్పుడే తెలిసిందండీ."

ఆ తర్వాత కాగితాల గొడవ చాలా నడిచింది. అది రాయను. నాకు పడాల్సింది పడింది. దేవదానం ఉద్యోగం నిలిచింది. అతన్ని పంపు దగ్గర వేశారు, బరువులు తగ్గాయి. నడుం పూర్తిగా ఎప్పుడూ బాగుపడలేదు గానీ బెల్లు మోగితే లేవగలిగాడు. రామలింగంగారు తన సామెత మానలేదు. కాకపోతే నా ఎదుట అనడం మానేశారు.

కొత్తగా చేరేవాళ్లకు నా సలహా చిన్నదే. మంటను అనుమానించండి. తోటివాడు నొప్పి అంటే ముందు నమ్మండి. తర్వాత అబద్ధమని తేలితే పోయేది ఒక రోజు సెలవు. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, ఇద్దరి బరువు ఒక్కరు మోయకండి. శవాన్ని మోసుకొచ్చినవాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

ఎస్తేరమ్మ ఇల్లు

విచారణ అయిన తర్వాత వచ్చిన ఆదివారం దేవదానం చర్చి నుంచి వస్తుంటే ఎదురెళ్లి, "సువార్త వాళ్లమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్తావా?" అని అడిగాను. ఎందుకని అడగలేదు. నడిచాడు.

ఎస్తేరమ్మ గుమ్మంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను చెప్పాల్సింది నిలబడే చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నీకూ వినపడిందా నాయనా?"

"వినపడిందమ్మా."

"ఈయన్ని ఆపింది నువ్వా?"

"నేనే."

ఆమె దేవదానం వైపు తిరిగింది. "మరి నాకట్టా చెప్పలేదేందిరా? 'నాకు వినపడిందమ్మా, నేనే పోలేదు' అంటివి. ఇన్నాళ్లూ నువ్వే పోలేదనుకుంటన్నా."

దేవదానం తల వంచుకున్నాడు. "ఆయన చెయ్యి నా చొక్కా మీదుందమ్మా, అంతే. కాళ్లు నాయేగా" అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు, పర్లేదనీ అనలేదు. ఒళ్లో కాయలు చేటలోకి దులుపుకుని లేచి, లోపల్నించి రెండు ఖాళీ బిందెలు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

"బోరింగు వీధి చివరుంది. తొట్లో చుక్క నీళ్లు లేవు."

దేవదానం చప్పున వంగబోయాడు. "నేను తెస్తాలే అమ్మా. సార్‌కి నడుం బాలేదు."

"నువ్వు కూకో" అంది ఆమె. "ఆయన్ని తేనీ."

నేను బిందెలు తీసుకుని వెళ్లాను. వీధిలో జనం చూస్తున్నారు. ప్రతి అడుగుకూ నడుం కలుక్కుమంటోంది. రెండుసార్లు బిందె దించి గోడ పట్టుకున్నాను. దేవదానం గుమ్మంలో నిలబడి చూశాడు గానీ అందుకోవడానికి రాలేదు. అది పెద్ద సిమెంటు తొట్టి. అది నిండేదాకా ఆమె చాలు అనలేదు.